కోత వదిలి కొన్న కళ్లజోడు

మా మిల్లు ముందు టీకొట్టు దగ్గర నెల నుంచి ఒకటే ముచ్చట. టేపు బాబాయ్ గురజాల పోయి మెట్ల మీద పొట్టేసుకొని పాకాడంట అని. పాకాను, నిజమే. కాదని ఎవరన్నారు? ఇరవై ఒక్క మెట్లు పాకాను, చెంపల మీద ఎర్ర గీతలేసుకొని మరీ పాకాను. అయినా సరే, ఈరోజు కాలరెగరేసి చెబుతున్నా, వినండి. టీలు నేనే చెబుతా. మధ్యలో నవ్వితే మాత్రం మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతా, మీ ఇష్టం.

మాది మాచర్ల. నాపరాళ్ల మిల్లులో ముప్పై ఏళ్ల నుంచి కొలతలు రాసేది నేనే. క్వారీ నుంచి వచ్చిన రాయిని మిషన్ మీద కోసి, పాలిష్ పట్టి ఇళ్లకి పంపుతాం. ఎవరింటికి ఏ రాయి ఎంత కోయాలో, ఆ ఇంటికి పోయి టేపు పట్టి నోటుబుక్కులో రాసుకొచ్చేది నా డ్యూటీ. నా చదువు తొమ్మిది పాసు, పది ఫెయిలు. ఆ ఫెయిలు కూడా ఇంగ్లీషులో, లెక్కల్లో కాదు, అది గుర్తు పెట్టుకోండి. నేను రాసిన కొలత తప్పి రాయి వెనక్కొచ్చిందన్న మాట మా మిల్లులో ఇంతవరకు లేదు. కొత్త పార్టీ ఎవరొచ్చినా మా చిన్న ఓనరు గారు ముందు నన్ను చూపిస్తాడు. మా టేపు బాబాయ్ కొలిచాడంటే ఇంక మళ్లీ చూసుకోనక్కర్లేదండి అంటాడు. ఆ మాట చెవిన పడ్డ పూట నాకు అన్నం అక్కర్లేదు.

అట్టాంటోడికి ఆర్నెల్ల నుంచి టేపు కనపడటం మానేసింది. అంగుళంలో ఎనిమిది గీతలుంటాయి కదా. ఆ ఎనిమిదీ పెళ్లింట్లో చాప మీద పడుకున్న చుట్టాల్లాగా ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. టేపుని దూరంగా పట్టుకుంటే కాస్త నయం. ఇంకాస్త దూరం పడితే ఇంకా నయం. ఆఖరికి చెయ్యి అయిపోయింది. ఇంకో జానెడు పొడుగు చెయ్యి ఇచ్చుంటే నాకు కళ్లజోడుతో పనే లేకపోయేది.

షాపుకి పోయి చూపించుకోవచ్చుగా అంటారు. ఎట్టా పోను? పొద్దున నేను అద్దాల షాపు గడపెక్కితే మధ్యాహ్నానికి మిల్లులో తెలిసిపోద్ది. టేపు బాబాయికి చూపు తగ్గిందంట అన్న మాట వెనకాల ఇంకో మాట వస్తది, అయితే టేపు అంజయ్యకియ్యండి అని. అంజయ్య అంటే మా మిల్లులో మిషన్ మీద కోత కోసే మనిషి. మా ఇద్దరికీ చుట్టరికం లేదు గానీ నన్ను బావా అంటాడు, కాబట్టి ఎన్ని మాటలన్నా పడాలి. పదేళ్ల నుంచి ఆయన కన్ను నా టేపు మీదే ఉంది. ఆయనకీ చదివే అద్దాలున్నాయి. సిగ్గూ ఎగ్గూ లేకుండా అందరి ముందూ పెట్టుకుంటాడు. నేనట్టా కాదు. ఎవరికీ తెలియకుండా ఆన్‌లైన్లో తెప్పించుకుందామనుకున్నా.

ఇక్కడే ఉంది చూడండి తిరకాసు. కళ్లజోడు కొనాలంటే ఫోన్లో చదవాలి. ఫోన్లో చదవాలంటే కళ్లజోడుండాలి. రెండు వేళ్లతో సాగదీశా. అక్షరం పూరీ అంత అయింది. అక్షరం కనపడితే మాట కనపడదు, మాట దొరికితే మిగతాదంతా పక్కకి జారిపోద్ది. చివరికి పెద్ద అక్షరాల్లో ఉన్నవి చదివి, చిన్న అక్షరాల్లో ఉన్న చోటల్లా ఓకే, ఓకే, ఓకే అని నొక్కుకుంటూ పోయా. మీరట్టా చేయమాకండి. అసలు సంగతులన్నీ ఆ చిన్న అక్షరాల్లోనే పెడతారు.

ముందు పవర్ ఎంత అని అడిగింది. నాకేం తెలుసు? కానీ నేను తెలివి తక్కువోణ్ణి కాదుగా. అంతకు రెండ్రోజుల ముందు అంజయ్య టిఫిన్ చేసి చేతులు కడుక్కోటానికి పోయినప్పుడు, బల్ల మీద పెట్టిన ఆయన అద్దాలు తీసి పెట్టుకున్నా. పేపరు చక్కగా కనిపించింది. ఆ తర్వాత టీ తాగేటప్పుడు ఊరికే అడిగినట్టు అడిగితే, రెండు పవర్ అన్నాడు. అంటే నాదీ రెండే. ఆ రెండు వేసి ఊరుకుంటే ఈ కథే లేదు.

మా రాళ్ల పనిలో కోత వదలటం అని ఒకటుంది. పదడుగుల గదికి సరిగ్గా పదడుగుల రాయే తెస్తే పని చెడిపోద్ది. అంచు కోయాలి, మూల తీయాలి, గోడ వంకర సరిచేయాలి. అందుకని ఎప్పుడూ కాస్త ఎక్కువే తీసుకుంటాం. ఎక్కువైతే కోసుకోవచ్చు, తక్కువైతే ఏ దేవుడు అతికిస్తాడు? ముప్పై ఏళ్లు ఈ లెక్కే చేశా. చెయ్యి దానంతటదే చేసేసింది. రెండుకి కోత వదిలి మూడు కొట్టా.

తర్వాత ఫ్రేము సైజు. దీనికి మొహం కొలవాలి. మొహం కొలవటానికి టేపు తీశా, ఆ టేపు మీద గీతలే కదా నాకు కనపడనిది. ఇంట్లో మా కోటమ్మని పిలిచి, ఈ చెవి కాణ్ణించి ఆ చెవి దాకా ఎంతుందో చదవమన్నా.

"ఏందయ్యా, మొహానికి కూడా రాళ్లు పరిపిస్తున్నావా?" అంది.

"ముందు చదువు."

"ఆరంగుళాలు."

ఆరుకి కోత వదిలి ఆరున్నర. ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది నొక్కా. రెండు నల్లగుడ్ల మధ్య దూరం ఎంత అని ఇంకోటేదో అడిగింది. నల్లగుడ్ల మీద స్టీలు టేపు పెట్టటానికి కోటమ్మ ఒప్పుకోలేదు. అది ఖాళీగా వదిలేశా.

ఐదో రోజుకి పార్సిల్ వచ్చింది. పిల్లాడిలాగా చింపేశా. స్టిక్కర్లు పీకేశా. అట్టపెట్టె బాగుందని కోటమ్మ తీసుకెళ్లి అందులో పిన్నీసులు పోసుకుంది. అద్దం ముందు నిలబడి దర్జాగా పెట్టుకున్నా. కళ్లజోడు ముక్కు దిగి, మీసం దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, ఒళ్లో పడింది. మళ్లీ పెట్టా, మళ్లీ పడింది. కోటమ్మ కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయింది.

సరే, వెనక్కి పంపుదామని ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి చానా మర్యాదగా మాట్లాడింది. పవర్ అద్దాలు మన కోసం చేసినవంట, అవి వెనక్కి తీసుకోరంట. ఆ సంగతి నేను ముందే ఒప్పుకున్నానంట. ఎప్పుడమ్మా ఒప్పుకున్నానంటే, ఓకే నొక్కారు కదా సర్ అంది. ఎన్ని సర్లు పెట్టినా సారాంశం అదే. ఎక్కువైన రాయిని మిషన్ మీద పెట్టి కోస్తాం. ఎక్కువైన కళ్లజోణ్ణి ఏ మిషన్ మీద పెట్టను?

ఇంతలో తెల్లారి గురజాల పని వచ్చిపడింది. అక్కడ నర్సమ్మ గారని, గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ, కొత్తిల్లు కట్టుకున్నారు. అన్నీ అయిపోయి మెట్లరాళ్లు మాత్రం మిగిలినయ్యి. అంతకుముందు వేరే మిల్లువాళ్లు కోసి పంపిన రాళ్లు ఒక్కటీ కుదరక వాకిట్లో గోడకి ఆనించి ఉన్నాయి. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేసుకున్నారు, పట్టుమని పది రోజుల్లేవు. ఆవిడ మా మిల్లుకొచ్చి కోపంగా అడిగితే చిన్న ఓనరు గారు నా భుజం మీద చెయ్యేసి, ఈయన కొలుస్తాడమ్మా, తేడా వస్తే రాళ్లన్నీ మళ్లీ ఊరికే కోసిస్తా అన్నాడు. ఇప్పుడు అర్థమైందా నా పరిస్థితి? తేడా వస్తే ఆవిడ ముహూర్తం పోద్ది, ఓనరు మాట పోద్ది, నా టేపు అంజయ్య చేతిలోకి పోద్ది.

గురజాలలో బస్సు దిగి, వాళ్ల గేటు పక్కన ఎవరూ లేకుండా చూసి కళ్లజోడు తీశా. జారకుండా ఏదో ఒకటి కట్టాలి. సంచిలో మేం రాయి మీద గీత కొట్టే దారం ఉంది. దాన్ని రెండు కాడలకీ బిగించి తల వెనక ముడేశా. ఇంక భూకంపం వచ్చినా ఊడదు. ఆ దారానికి ఎర్ర రంగుపొడి పట్టించి ఉంటదన్న సంగతి, ముప్పై ఏళ్ల సర్వీసున్న నాకు ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

లోపలికి పోయి మెట్టు మీద టేపు పెట్టా. ఓరినాయనో, ఏం కనపడింది! ముక్కు దగ్గర పెడితే ఇసుక రేణువు బఠాణీ గింజంత ఉంది. గీతలు ఎనిమిదీ విడివిడిగా, బుద్ధిమంతుల్లాగా నిలబడ్డాయి. ఆనందంగా లేచి నిలబడ్డా. అంతే, ఇల్లంతా మంచులో కలిసిపోయింది. మెట్టు ఇక్కడుందనుకొని అడుగేస్తే అది అక్కడుంది. బొటనవేలు కొట్టుకొని కూలబడ్డా. అప్పుడు తెలిసింది, ఈ అద్దాలతో జానెడు దూరంలో ఉన్నదే లోకం, ఆ తర్వాతంతా కైలాసం. నిలబడి కొలవటం అయ్యే పని కాదు. వంగినా చాలలేదు. పొట్టేసుకున్నా.

ఒక్కో మెట్టు మీద బోర్లా పడుకొని, వెడల్పు కొలిచి, నోటుబుక్కుని ముక్కుకానించి రాసుకొని, పైమెట్టుకి పాకటం. ఒకటి, పదిన్నర అంగుళాలు. రెండు, పదిన్నర. అట్టా ఎనిమిది దాకా పదిన్నరే. తొమ్మిదోది పది. మళ్లీ చూశా, పదే. రాసుకొని తల ఎత్తేసరికి నా ముందు రెండు పాదాలున్నాయి. పాదాల పైన మనిషి మబ్బులో ఉంది.

"ఏమయ్యా, మెట్లు కొలుస్తున్నావా, వాసన చూస్తున్నావా?" అంది మబ్బు.

"మా పద్ధతి ఇంతేనమ్మా. దగ్గరగా చూస్తే కొలత నిక్కచ్చిగా వస్తది."

"బుగ్గల మీద ఆ ఎర్ర గీతలేంది?"

చేత్తో తుడుచుకున్నా. చెయ్యంతా ఎర్రగా అయింది. మొహం ఏమైందో నేను చూడలా. నర్సమ్మ గారు మాత్రం చూసి, నా తల వెనక ముడి విప్పి, కళ్లజోడు తీసుకొని అందులోంచి గోడని చూశారు.

"ఇంత పవర్ మా అత్తగారికి కూడా లేదు. ఎవరు రాశారు నీకిది?"

"నేనే రాసుకున్నానమ్మా."

మొత్తం చెప్పేశా. రోగి నర్సు ముందు కూర్చుంటే అబద్ధం రాదు, అదేం మాయో. అంజయ్య అద్దాల దాకా కోపంగానే విన్నారు. కోత వదిలానని చెప్పేసరికి పదో మెట్టు మీద చతికిలబడి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వటం అయ్యాక తిట్టారు. ఇంకొకళ్ల అద్దాల్లో పేపరు కనపడినంత మాత్రాన అది నీ పవర్ ఎట్టా అవుద్ది, నీ రెండు కళ్లకే ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండొచ్చు కదా అన్నారు. ముందు పరీక్ష చేయించుకొని కాయితం తీసుకోవాలంట. నల్లగుడ్ల దూరం కూడా వాళ్లే కొలిచి రాసిస్తారంట. నీకు సరిపోయిన ఫ్రేము కాడ లోపల సైజు నంబర్లుంటాయి, కొనాలంటే అవి చూసి కొనమన్నారు. వెనక్కి తీసుకుంటారో లేదో చదవకుండా నొక్కొద్దన్నారు. ఈ వయసులో కంటి లోపల ప్రెషర్, ఒంట్లో షుగర్ కూడా చూపించుకోవాలి, అవి ఏ ఫోనూ చూడదు అన్నారు. నేను తల ఊపుతూనే ఉన్నా, ఒక చేత్తో బుగ్గ తుడుచుకుంటూ.

మిగతా పన్నెండు మెట్లూ ఆ కళ్లజోడే మళ్లీ కట్టుకొని ఆవిడ ఎదురుగానే పాకి కొలిచా. పని మధ్యలో వదిలేసే మనిషిని కాదు నేను. అన్నీ పదిన్నర వచ్చినయ్యి.

సాయంత్రానికి మిల్లుకొస్తే అంజయ్య మిషన్ సిద్ధం చేసుకొని నోటుబుక్కు అందుకున్నాడు. ఓనరు గారు పక్కనే ఉన్నాడు. అంజయ్య వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు.

"అన్నీ పదిన్నర, తొమ్మిదోది పది అని రాశావేంది బావా?"

ఓనరు గారు కూడా వంగి చూశాడు. చానా తేలికైన పని నాకు. రాసేటప్పుడు చెయ్యి జారిందిరా, అన్నీ పదిన్నరే కోసెయ్ అంటే అయిపోయేది. ఎవరైనా అదే నమ్ముతారు. మెట్లన్నీ ఒకటే వెడల్పుంటాయి కదా. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ తొమ్మిదో మెట్టు నా ముక్కు కింద ఉండగా చూశా, పదే చూశా. అట్టాగని పదే అని గట్టిగా కూడా అనలేను, చూసింది ఆ దిక్కుమాలిన అద్దాల్లోంచి. తప్పు కోస్తే రాయి పోద్ది, ఆవిడ ముహూర్తం పోద్ది. ముప్పై ఏళ్లలో మొదటిసారి నా కొలత మీద నాకే నమ్మకం లేదు.

"బాబూ, మిషన్ ఆపించండి," అన్నా. "నాకు చూపు తగ్గింది. ఆర్నెల్లయింది. చెప్పలేదు."

జేబులోంచి కళ్లజోడు తీసి రాయి మీద పెట్టా. అంజయ్య దాన్ని తీసుకొని, అటూ ఇటూ తిప్పి, పెట్టుకొని చూశాడు.

"బావా, ఇందులో మనిద్దరం పడతాం," అన్నాడు.

మిల్లంతా గొల్లుమంది. ఓనరు గారు నవ్వలేదు. రేపు పొద్దున్నే కళ్లు చూపించుకో బాబాయ్, ఆ తర్వాత నువ్వూ అంజయ్యా కలిసి పోయి మళ్లీ కొలవండి అన్నాడు. కలిసి పోయి అన్నాడు గానీ టేపు అంజయ్య చేతికిచ్చాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు, ఈసారి గర్వంతో కాదు.

పొద్దున్నే అద్దాల షాపు గడప దర్జాగా ఎక్కా, ఇంక దాచేదేముంది? పరీక్ష చేసినాయన కుడి కంటికి ఒకటిన్నర, ఎడమ కంటికి రెండు అన్నాడు. అంజయ్య పవర్ నాకు సగమే కలిసిందన్నమాట. కంటి ప్రెషర్ లేదు, పక్క ల్యాబులో చూస్తే షుగరూ లేదు. ఫ్రేము చూసి, మీకు మీడియం సైజు సరిపోద్దండి అన్నాడు. ఇంత మొహం మోసుకు తిరిగి, నాది మీడియమని అప్పుడే తెలిసింది. మధ్యాహ్నానికి అద్దాలు బిగించి ఇచ్చాడు. పెట్టుకొని బయటికొచ్చి, అంజయ్యతో కలిసి గురజాల బస్సెక్కి, చేతిలో టికెట్టు మీద అక్షరాలు చదువుకున్నా. ఎంతకాలమైందో టికెట్టు చదివి.

గురజాలలో నర్సమ్మ గారు నా నోటుబుక్కు తెరిచి పట్టుకున్నారు. అంజయ్య కొలుస్తూ పైకి చదువుతున్నాడు. నేను చేతులు కట్టుకొని కింద నిలబడ్డా, పరీక్ష రిజల్ట్ కోసం నిలబడ్డట్టు. ఒకటి పదిన్నర. రెండు పదిన్నర. ఎనిమిది దాకా ఆవిడ తల ఊపుతూనే ఉన్నారు. తొమ్మిదో మెట్టు దగ్గర అంజయ్య నోరు ఆగింది. టేపు తీసి మళ్లీ పెట్టాడు. అవతలి చివర కొలిచాడు. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ కొలిచాడు.

"ఎంతయ్యా?" అన్నారు నర్సమ్మ గారు.

"పదేనండి," అన్నాడు, గొంతు సగం చేసి.

ఆ మెట్టు వెనక గోడకి తాపీమేస్త్రి ప్లాస్టరింగ్ అరంగుళం మందం ఎక్కువ కొట్టాడు, అదీ తేడా. ముందు మిల్లువాళ్లు ఒక్క మెట్టు కొలిచి, అన్నీ అంతేలే అనుకొని కోశారు. పైగా ఆ ఒక్కటి కూడా సరిగ్గా కొలవలేదు. మిగతా పన్నెండూ కొలిచాం. ఇరవై ఒక్క మెట్లల్లో ఒక్క గీత తేడా ఉంటే ఒట్టు.

ఆవిడ నోటుబుక్కు మూసి నా చేతికిచ్చి, "పాకినా సరిగ్గానే పాకావయ్యా," అన్నారు. అంజయ్య టేపు చుట్టి, కాసేపు చేతిలో అట్టే పెట్టుకొని, నా వైపు చాపాడు.

"నీ టేపు నువ్వే ఉంచుకో బావా. మెట్టు మెట్టుకీ పొట్టేసుకోటం నా వల్ల కాదు."

పదేళ్లు కన్నేసిన మనిషి అన్న మాట అది. రాళ్లు కోశాం, పంపాం, ఒక్కటీ వెనక్కి రాలేదు. గృహప్రవేశానికి పిలిస్తే పోయా. వచ్చిన వాళ్లందరికీ నర్సమ్మ గారు నన్ను చూపించి, మా మెట్లు కొలిచింది ఈయనే అన్నారు. ఎట్టా కొలిచానో కూడా చెప్పారు, అది కాస్త మానేసుంటే బాగుండేది.

ఇప్పుడు మిల్లులో ఎవరికి అక్షరాలు మసకబారినా నా దగ్గరికే వస్తున్నారు. అందరికీ ఒకటే చెబుతున్నా, ముందు పరీక్ష, తర్వాతే ఫోను అని. మొన్న నేనే ఆ కాయితం చూసి, నంబర్లు చూసి, చిన్న అక్షరాలు కూడా చదివి, ఇంట్లోకి ఇంకో జత ఆన్‌లైన్లో తెప్పించా. దించినట్టు కూర్చుంది. ఆ ఊపులో కోటమ్మతో అన్నా, ముప్పై ఏళ్లలో తప్పిన కొలత ఒక్కటే, అదీ నా మొహందే, దాన్ని చదివింది నువ్వే కాబట్టి నా పేరు మీద రాయటానికి వీల్లేదు అని.

"నేను ఆరనే చదివా," అంది కోటమ్మ, చాటలో బియ్యం ఏరుకుంటూ, తల కూడా ఎత్తకుండా. "ఆ పైన అరంగుళం నీ గొప్పకి వదులుకున్నావు."